గ్వాయకిల్‌లో సోమవారం, తణుకులో మంగళవారం

"ఎంతసేపు పడుతుందండీ?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడంతోనే నా ఉద్యోగం మొత్తం అయిపోయింది. రాజమండ్రిలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో ఫారిన్ టికెట్ల సీటు నాది. పెళ్ళయిన కొత్తలో ఆ కుర్చీలో కూర్చున్నాను, మోకాళ్ళ నొప్పులు వచ్చాక లేచాను. ఇప్పుడు అందులో కూర్చుంటున్న అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసింది. మేడమ్, అందరూ ఫోన్లోనే దూరాలూ టైములూ చూసుకుని వస్తున్నారు, ఇంక మనకి పనేముంటుంది అని దిగులుపడింది. పిచ్చిదానా, చూసుకుని రావడం వల్లే కదా మన పని రెట్టింపయింది అన్నాను. ఆ అమ్మాయికీ, ఆ వయసు వాళ్ళకీ అర్థమవ్వాలని ఇది రాస్తున్నాను.

ఫోన్లో రెండు ఊళ్ళ పేర్లు కొడితే మధ్య దూరం వస్తుంది. దాని కింద విమానంలో ఇన్ని గంటలు అని కూడా వస్తుంది. ఆ లెక్క ఇక్కడి నుంచి అక్కడికి దారం లాగి కొలిచిన లెక్క. ఆ దారం మీద విమానం తిరుగుతోందా, తిరిగితే రోజూ తిరుగుతోందా అని ఎవరూ అడగరు. మన నరసాపురం రేవులో నిలబడితే గోదావరి అవతల ఎదురుగా సఖినేటిపల్లి కనపడుతూనే ఉంటుంది. ఏరు దాటించే పంటు ఉంటే ఇలా ఎక్కి అలా దిగుతాం. వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఊరు ఎక్కడికీ జరగలేదు, దారి మారిందంతే. ఈ సంగతి మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. విమానం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇదే మనుషులు అంత తెలివినీ ఇంట్లో పెట్టి వస్తారు.

నేను మానేయడానికి ముందు ఎండాకాలంలో జరిగింది చెబుతాను. తణుకులో కిరాణా హోల్‌సేల్ చేసే అన్నదమ్ములు. ఉమ్మడి వ్యాపారం, ఉమ్మడి కాపురం. అన్నగారిదే మాట. తమ్ముడుగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఏదడిగినా అన్నయ్యనడగండి అంటారు. ఆ తమ్ముడుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్లకి తల్లి లేదు, పోయి నాలుగేళ్ళయింది. ఆ తల్లికి ఉన్నది ఒక్కడే తమ్ముడు. అతను భీమవరం దగ్గర రొయ్యల హేచరీలో పని నేర్చుకుని, ఆ పని మీదే ఈక్వెడార్ వెళ్ళాడు. ఆ దేశాన్ని మన వాళ్ళకి పరిచయం చెయ్యక్కర్లేదు. రొయ్య రేటు పడినప్పుడల్లా, వాళ్ళ రొయ్యలే మన రేటు పడగొట్టాయని చెరువు గట్ల మీద తిట్టుకునే దేశం అదే. అన్నగారికి కూడా కాస్త చెరువు ఉందట, అందుకని ఆ దేశం మీద ఆయనకి ముందునుంచీ గుర్రు.

మేనమామ స్వయంగా నాకు ఫోన్ చేశాడు. నెమ్మదస్తుడు, మాట మాటకీ అండి అంటాడు. అక్క పోయినప్పుడు చివరిచూపుకి అందలేకపోయానండి, ఈసారి మాత్రం అలా జరగకూడదండి అన్నాడు. మన వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపంలోకి తీసుకొస్తాడు కదా. ఆ బుట్ట పట్టుకోవాల్సింది తనే. పట్టడానికి పక్కన పదిమంది ఉంటారు, ముందు చెయ్యి మాత్రం మేనమామది. మధ్యలో ఎక్కడ ఎంతసేపు కూర్చోబెట్టినా ఫర్వాలేదు, ఓ రోజు ముందే దింపేయండి చాలు అని అడిగాడు.

నేను అలాగే వేశాను. అతనుండే ఊరు గ్వాయకిల్. సోమవారం సాయంత్రం అక్కడ విమానం ఎక్కాలి. యూరప్‌లో ఒక మార్పు, ఢిల్లీలో ఒకటి, హైదరాబాదులో ఒకటి. బుధవారం సాయంత్రానికి మన రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టులో దిగుతాడు. పెళ్ళి శుక్రవారం పొద్దున్న. ఎక్కడైనా ఏదైనా తేడా వచ్చినా గురువారం మొత్తం చేతిలో ఉంటుంది. నేను వేసిన టికెట్లలో అంత నిశ్చింతగా వేసినవి తక్కువ.

రెండు రోజులకి అన్నగారు పెళ్ళికూతుర్ని వెంటబెట్టుకుని మా ఆఫీసుకి వచ్చారు. తెల్లపంచె, భుజం మీద కండువా, చేతిలో పెద్ద ఫోను. కూర్చోకుండానే ఆ ఫోను నా మొహం ముందు పెట్టారు. గ్వాయకిల్ నుంచి రాజమండ్రికి పదిహేడు వేల పైచిలుకు కిలోమీటర్లు, విమానంలో ఇరవై గంటలు అని ఉంది. మరి మీరు రెండు రోజులు వేశారేంటండీ, మధ్యలో కుర్రాణ్ణి ఎక్కడ తిప్పుతున్నారు అని అడిగారు. అంత దూరం ఒక్క విమానం లేదండి అని చెప్పాను. నరసాపురం పంటు సంగతి చెప్పాను. పంటు సంగతి ఆయనకి నాకన్నా బాగా తెలుసు, తలూపారు కూడా. తలూపి, ఆకాశంలో గోదావరి లేదు కదండీ అన్నారు.

తల బాదుకోవాలనిపించింది. సరే, ఇంకో దారిలో వద్దామనుకున్నాను. రెండు రోజులు అని మీకు కనపడుతున్నది నిజానికి రెండు రోజులు కాదండి, అందులో పదిన్నర గంటలు మన గడియారం ముందుండటం వల్ల కలిసినవే, అతను విమానాల్లోనూ ఎయిర్‌పోర్టుల్లోనూ గడిపేది అంతకన్నా తక్కువే అని కాగితం మీద గీసి చూపించాను. అక్కడ సోమవారం సాయంత్రం ఏడున్నర అయితే మనకి మంగళవారం పొద్దున్న ఆరు అని రాశాను. ఆ కాగితం గియ్యకపోయినా బాగుండేది. ఆయన గంటలు వదిలేసి ఆ ఒక్క ముక్క పట్టుకున్నారు.

మంగళవారం బయల్దేరతాడా?

అక్కడ సోమవారమేనండి అన్నాను. అతని గోడ మీద క్యాలెండరు సోమవారం, అతను గుమ్మం దాటేది సోమవారం, టికెట్ మీద ఉన్నది సోమవారం. ఆయన చాలా ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు నాకు చెప్పారు. పెళ్ళి ఎక్కడండీ, తణుకులో. ముహూర్తం ఏ ఊరి లెక్క ప్రకారం పెట్టారు, తణుకు లెక్క ప్రకారం. మరి పెళ్ళికి బయల్దేరే వాడి వారం మాత్రం ఇంకో దేశం లెక్క ఎలా అవుతుందండీ? వచ్చిన చిక్కేంటంటే, వినడానికి అది సబబుగానే ఉంది.

పక్క టేబుల్ దగ్గర మా డొమెస్టిక్ టికెట్ల ఆయన ఉన్నాడు. నాతోపాటే తల నెరిసిన మనిషి. ఇంతవరకూ తల ఎత్తలేదు కదా, ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు. సొరుగులోంచి పంచాంగం తీశాడు. ఆఫీసు సొరుగులో పంచాంగం ఏంటని ఎన్నేళ్ళు పోట్లాడానో. వేలితో వెతికి, ఎండాకాలం కదండీ, ఆరింటికి సూర్యోదయం అయిపోయి అరగంట అవుతుంది, మంగళవారం వచ్చేసినట్టే అని తీర్పిచ్చాడు. సూర్యోదయానికి ముందు అయితే ఇంకా సోమవారమే, ఇబ్బంది లేదు అని ఉచిత సలహా కూడా పారేశాడు. దాంతో అన్నగారు, ఈ గొడవకి తన గదిలోంచి బయటికొచ్చిన మా ఓనరుగారి వైపు తిరిగి, ఆ విమానాన్ని ఓ అరగంట ముందు బయల్దేరదీయలేరా అని అడిగారు. మా ఓనరుగారు నా వైపు చూశారు. నిజంగా చూశారు. నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను.

ఆఖరికి ఆయన తేల్చింది, మర్నాటి విమానానికి మార్చమని. అంటే అక్కడ మంగళవారం సాయంత్రం, మనకి బుధవారం పొద్దున్న. అయ్యా, ఇప్పుడు సరిగ్గా మంగళవారమే ఇల్లు కదుల్తున్నాడు అతను అన్నాను. అక్కడ వాళ్ళకి అలాంటి పట్టింపులు ఉండవు కదండీ అన్నారు.

అయినా వదల్లేదు. మీరు తీసేస్తున్నది ఒక విమానాన్ని కాదు, గురువారాన్నండి అన్నాను. గురువారం సాయంత్రం దిగితే శుక్రవారం పొద్దున్న పెళ్ళి, ఎక్కడ ఒక్క విమానం తప్పినా పిల్ల బుట్ట దగ్గర మేనమామ ఉండడు అన్నాను. అప్పుడు పెళ్ళికూతురు మొదటిసారి నోరు తెరిచింది. తణుకులోనే ఒక స్కూల్లో టీచరు ఆ అమ్మాయి. పెదనాన్నా, ఏ వారమైనా పర్వాలేదు, మావయ్య వస్తే చాలు అంది. తర్వాత నాతో మెల్లిగా, "అమ్మ తరఫున నాకు ఆయనొక్కడేనండి" అంది.

ఆ మాటకి పెద్దాయన కరుగుతారనుకున్నాను. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, నా టేబుల్ మీదికి వంగి చెప్పారు. "దీని తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్ళింది మంగళవారమేనమ్మా. నేనే కారెక్కించాను. మళ్ళీ ఇంటికి తీసుకురాలేదు."

అప్పటిదాకా నాకున్న కోపం అంతా అలాగే ఉంది, పెట్టుకోవడానికి చోటే లేకుండా పోయింది. మా ఓనరుగారు తప్పకుండా అండి అన్నారు. మా ఓనరుగారికి జీవితంలో వచ్చిన మాట అదొక్కటే. టికెట్ మార్చాను. మేనమామకి ఫోన్ చేసి చెప్పాను. ఆయనన్నారంటే కాదనలేనండి, అక్క పోయాక పిల్లని కళ్ళల్లో పెట్టుకుని చూసింది ఆయనే అన్నాడు.

సోమవారం విమానం టైముకి ఎగిరి టైముకి దిగింది. చూడకుండా ఉండాల్సింది, చూశాను. మంగళవారం విమానం, అంటే మా తణుకు వారి బుధవారం విమానం, ఏదో రిపేరొచ్చి గ్వాయకిల్‌లోనే ఆగిపోయింది. మేనమామ ఎయిర్‌పోర్టులోంచి ఫోన్ చేసి, ఇంకో గంటంటున్నారండి, ఇంకో గంటంటున్నారండి అని చెబుతూనే ఉన్నాడు. అది కదిలేసరికి ఇక్కడ మధ్యాహ్నం అయిపోయింది. యూరప్‌లో అతను దిగేటప్పటికి ఢిల్లీ విమానం వెళ్ళిపోయింది. మళ్ళీ మర్నాడు సాయంత్రం ఉంది, అందులో పంపిస్తాం అన్నారు అక్కడి వాళ్ళు. అందులో వస్తే శుక్రవారం పొద్దున్నకి ఢిల్లీలో ఉంటాడు.

ఆ రోజు మా ఆఫీసులో ఇంకెవరి పనీ జరగలేదు. ఎయిర్‌లైన్ వాళ్ళ ఫోను పట్టుకుని, వాళ్ళ పాట వింటూ కూర్చోవడమే. అంతకు ముందు పంచాంగం తీసిన మహానుభావుణ్ణి నాలుగు దులిపాను. అతను మారుమాట్లాడకుండా కుర్చీ నా టేబుల్ దగ్గరికి లాక్కుని, నేను ఒక ఫోనులో ఉంటే తను ఇంకో ఫోనులో కూర్చున్నాడు. భోజనానికి కూడా లేవలేదు. గల్ఫ్ మీదుగా ఒక దారి దొరికింది, అది అతను పట్టిందే. గురువారం యూరప్‌లో ఎక్కి, గల్ఫ్‌లో మారి, శుక్రవారం తెల్లారకముందే హైదరాబాదులో దిగితే, పొద్దున్న రాజమండ్రి విమానం అందుతుంది. మధురపూడిలో మా ఆఫీసు కారు పెడితే కొవ్వూరు మీదుగా ముహూర్తానికి తణుకు చేరిపోవచ్చు. పెట్టెలు అక్కడే వదిలేసి రమ్మని మేనమామకి చెప్పాను. పెట్టెలో పిల్లకి తెచ్చిన చీరుందండి అన్నాడు. చీర తర్వాత వస్తుంది, నువ్వు రా నాయనా అన్నాను.

శుక్రవారం పొద్దున్నే నేను తణుకు వెళ్ళాను. అమ్మాయి రమ్మని మరీ మరీ చెప్పింది. కల్యాణమండపంలో సన్నాయి మొదలైంది. రంగులేసి, పూలు చుట్టిన బుట్ట లోపలి గది గుమ్మం దగ్గర పెట్టి ఉంది. పెళ్ళికూతురు ముస్తాబై, చేతిలో కొబ్బరిబోండాంతో కూర్చుని, నేను కనపడగానే ఎక్కడిదాకా వచ్చాడండీ అని అడిగింది. గల్ఫ్‌లో విమానం ఆలస్యంగా లేచిందని నాకు అప్పటికే తెలుసు. హైదరాబాదులో దిగాడమ్మా, పాస్‌పోర్టు లైన్లో ఉన్నాడు అని చెప్పాను. అది నిజమే. లైను కదలడంలేదన్న నిజం చెప్పలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. "మేడమ్, గేటు మూసేశారండి" అన్నాడు. అతని గొంతులో ఏడుపు లేదు, ఆయాసం ఉంది. పరిగెత్తినట్టున్నాడు. తర్వాతి విమానంలో కూర్చోబెట్టమని ఆఫీసులో ఉన్న మా పంచాంగం ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. పదిహేడు వేల కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషి హైదరాబాదులో ఒక అద్దం తలుపు దగ్గర ఆగిపోయాడు. ఎవర్ని తిట్టను?

పెళ్ళికూతురికి నేనే చెప్పాను. పురోహితులుగారు పిల్లని తీసుకురండి అని కేకేస్తున్నారు. అన్నగారు గబగబా వచ్చి, ఏం ఫర్వాలేదు, మా బావమరిది ఉన్నాడు, పిల్లకి వరసకి మేనమామే అవుతాడు, అతను పడతాడు అన్నారు. ఆ బావమరిది పాపం ఉత్తరీయం నడుముకి బిగించి సిద్ధంగా వచ్చాడు కూడా. అమ్మాయి బుట్ట వైపు చూసింది. గొంతు పెంచకుండా చెప్పింది.

"వద్దు పెదనాన్నా. నేను నడిచి వస్తాను."

ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఆ పిల్ల కొబ్బరిబోండాం రెండు చేతుల్తో పట్టుకుని, తలొంచుకోకుండా, ఆ హాలు పొడుగునా నడిచి వెళ్ళి పీటల మీద కూర్చుంది. ముహూర్తానికి జీలకర్రా బెల్లం పెట్టారు. సూత్రం కట్టారు. నా చేతిలో అక్షింతలు చెమటకి ముద్దయిపోయాయి.

మేనమామ వచ్చేసరికి హాల్లో రెండో పంక్తి భోజనాలు నడుస్తున్నాయి. నల్లగా, సన్నగా ఉన్నాడు. ఆ ఎండలో ఒంటి మీద స్వెట్టరు, మూడు రోజుల గడ్డం, చేతిలో పాస్‌పోర్టు తప్ప ఏమీ లేదు. ఫోటో కూడా చూడని మనిషిని నేను గుమ్మంలోనే గుర్తుపట్టాను. అతను లోపలికొచ్చి ముందు మండపం వైపు చూశాడు, తర్వాత గోడ వారగా పెట్టేసిన బుట్ట చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

పెద్దాయన ఎదురెళ్ళారు. కోప్పడతారేమో, మంగళవారం కథ మొదలెడతారేమో, అలా చేస్తే మాత్రం ఇవాళ పెద్దరికం చూడకుండా కడిగేస్తాను అని నేను వెనకాలే వెళ్ళాను. ఆయన అతని చెయ్యి పట్టుకుని, "ఫోన్లో ఇరవై గంటలే చూపించిందయ్యా" అన్నారు. క్షమాపణ అడగడం ఆయనకి చేతకాదు. ఆయన నోటికి వచ్చిన క్షమాపణ అదే.

"తెలుసండి," అన్నాడు మేనమామ. "అక్కకి బాగోలేదన్నప్పుడు నాకూ అదే చూపించింది. ఇరవై గంటల్లో నీ దగ్గరుంటానక్కా అని ఫోన్లో చెప్పాను. నమ్మింది. రెండో రోజు కూడా గుమ్మం వైపే చూస్తూ ఉందటండి."

పెద్దాయన ఆ చెయ్యి వదల్లేదు. పక్కనున్న కుర్చీలో అలాగే కూలబడ్డారు, చెయ్యి పట్టుకునే. ఆస్పత్రిలో కూడా ఆవిడ మంచం పక్కన ఉన్నది ఆయనేనట. ఆవిడ గుమ్మం వైపు ఎందుకు చూసేదో ఆయనకి ఆ రోజే తెలుసో, ఇప్పుడే తెలిసిందో నేను అడగలేదు.

పెళ్ళికూతురు పీటల మీంచి లేచి వచ్చేసింది. కొంగుముడి విప్పలేదు, దాంతో పెళ్ళికొడుకు కూడా వెనకాలే రావాల్సి వచ్చింది. పురోహితులుగారు ఇంకా తంతు ఉందమ్మా అంటున్నారు. పెద్దాయన ఆ పిల్లని చూసి, బుట్ట తెమ్మంటానే, ఇప్పుడైనా కూర్చో, మీ మావయ్య పట్టుకుంటాడు అన్నారు.

"బుట్ట ఉండనివ్వండి పెదనాన్నా. ముందు ఆయన్ని కూర్చోనివ్వండి," అంది.

స్వెట్టరు విప్పించి, దాన్ని తన భుజం మీద వేసుకుంది. తర్వాత అతని మొహంలోకి చూసి, "అన్నం తిన్నావా మావయ్యా?" అని అడిగింది. అతను లేదన్నట్టు తలూపాడు. పంక్తి చివర ఖాళీగా ఉన్న చోట తనే అరిటాకు వేసి, నీళ్ళు చల్లి, అతన్ని కూర్చోబెట్టింది. వడ్డించేవాళ్ళు వస్తుంటే ఆపి, గరిటె తన చేతిలోకి తీసుకుంది. పెళ్ళికొడుకు నెయ్యి గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాడు.